దుప్పిగారి అభిప్రాయం

అరుదైన జంతువు కంటబడిందా? వెంటనే కాల్చెయ్యాలి. ఆలస్యం చేస్తే అది దానంతటది హాయిగా బతికేసే ప్రమాదం ఉంది!

ఈ మాట నేను ఆవేశంలో అనడం లేదు. డిగ్రీ చదివి, ఇరవై ఆరేళ్లుగా వేటగాళ్ల ఇంట్లో కాపురం చేస్తూ, పొయ్యి మీద పాలు పెట్టి అవి పొంగేలోగా రోజుకింత చొప్పున ఆలోచించి తేల్చుకున్న సంగతి ఇది.

మామూలు జంతువుల మాట వదిలెయ్యండి. కుందేలుంది. దాన్ని కొడితే ఏముంది, పక్క పొదలో దాని మేనమామ కొడుకు ఇంకోడుంటాడు. అదే ఒక్కటంటే ఒక్కటే మిగిలిన జంతువనుకోండి. దాని బతుకు ఎంత ఒంటరి! కబుర్లాడుకోవడానికి తోటిది లేదు, అలగడానికి చుట్టం లేదు. దాన్ని అలా అడవిలో వదిలేసి మనం ఇంట్లో టీ తాగుతూ కూర్చోవడం ఏం మనిషితనం?

ఒక్క తూటా ఖర్చు పెడితే చాలు, దానికి గోడ మీద శాశ్వతంగా చోటు. కుడిపక్కన అడవిపంది, ఎడంపక్కన ఎలుగుబంటి, కింద సోఫాల్లో నలుగురు పెద్దమనుషులు. ఇంత మంచి సహవాసం అడవిలో దొరుకుతుందా?

అడవిలో వానొస్తే తడుస్తుంది. గోడ మీద తడవదు. అడవిలో దాని ఒంటి మీద దుమ్ము దులిపే దిక్కెవరు? గోడ మీదైతే ప్రతి శనివారం స్టూలెక్కి నేను దులుపుతాను. చెవుల్లో కూడా!

ఆ గోడలున్న హాలు ఒకప్పుడు నా పుస్తకాల గది. అది ఎప్పుడు హాలైందో, నా పుస్తకాలు ఎప్పుడు మంచం కిందికి చేరాయో నన్నెవరూ అడగలేదు. సరే, అది వేరే కథ.

ఇంత జ్ఞానం నాకు ఎక్కడినుంచి వచ్చిందనుకుంటున్నారు? అంతా మా బావగారి చలవే.

మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, తూనికలూ కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. వయసు అరవై ఎనిమిది. ముప్పై ఏళ్లు కొట్టువాళ్ల తక్కెళ్లు పట్టి చూసిన మనిషి కాబట్టి, న్యాయం ఎంత తూగుతుందో, ఎక్కడ వేలు పెడితే ఎటు మొగ్గుతుందో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఊళ్లో వేటగాళ్లందరినీ కూడగట్టి సంఘం పెట్టింది ఆయనే. మొదటినుంచీ అధ్యక్షుడూ ఆయనే.

మొదట్లో ఈ పెద్దమనుషులు ఉత్త వేటగాళ్లు. కదిలినదల్లా కాల్చేవారు. వీధిలో జనం వాళ్లను చూసి మొహం తిప్పుకునేవారు. దాంతో అందరి మనసూ నొచ్చుకుంది. ఒక ఆదివారం మా ఇంట్లోనే కూర్చుని, ఇకమీదట ధర్మంగా ఉండాలని తీర్మానించారు. ధర్మంగా అంటే కాల్చడం మానేశారనుకున్నారా? అదేం మాట! ఫారం అచ్చు వేయించారు.

సంఘం పేరు కూడా ఆ రోజే మార్చారు. అంతకుముందు వేటగాళ్ల సంఘం. ఇప్పుడు నైతిక వేటగాళ్ల సంఘం.

ఆ ఫారం చూస్తే మీకే తెలుస్తుంది వాళ్ల మనసు ఎంత వెన్నో. దానిలో పద్దెనిమిది గడులున్నాయి. ఏ జంతువును పడితే దాన్ని కొట్టకూడదు. అది అరుదైనదై ఉండాలి, ఎందుకంటే మామూలుదాన్ని చంపడం క్రూరత్వం. ముసలి మగదై ఉండాలి. పిల్లలు పుట్టే వయసు దాటిపోయి, మందకు ఏ రకంగానూ పనికి రాకుండా ఉండాలి. కొట్టే ముందు వంద అడుగులు పరుగెత్తే అవకాశం ఇవ్వాలి. పళ్లు ఎన్ని ఊడాయో కూడా రాయాలి! ఆ గడి పెట్టించింది కమిటీలో ఉన్న పళ్ల డాక్టరుగారు. మనిషన్నాక తన విద్య ఎక్కడో ఒకచోట చూపించుకోవాలి కదా.

అన్నిటికంటే గొప్ప విషయం ఏమిటంటే, ఆ ఫారంలో జంతువు పేరు రాయకూడదు.

ఎందుకంటారా? వెనకటికి ఒక మెంబరు ఫారంలో పేరు రాస్తే, అది చదివి పళ్ల డాక్టరుగారు కళ్లనీళ్లు పెట్టుకుని సంతకం చెయ్యలేకపోయారట. పేరు తెలిస్తే జాలి పుడుతుంది. జాలి పుడితే న్యాయం చెడుతుంది. అందుకని గుణగణాలు మాత్రం రాస్తే చాలని బావగారు రూలు పెట్టారు. పేరు దరఖాస్తుదారు మనసులో ఉంటుంది.

ఏడాదికి ఒక్క అనుమతే. ఒకసారి సంతకాలయ్యాక ఆ సీజన్ అయిపోయేదాకా దాన్ని మార్చడానికి గానీ, రద్దు చెయ్యడానికి గానీ వీల్లేదు. అనుమతి ఉన్నదాన్ని తప్ప ఇంకో ప్రాణిని ముట్టుకోకూడదు. ఇదంతా తొమ్మిదో రూలు. ఇదీ ఊరికే పుట్టలేదు. ఎలుగుబంటికి అనుమతి తీసుకుని వెళ్లిన పెద్దమనిషి ఒకడు పక్కింటివాళ్ల మేకతో తిరిగొచ్చి, చీకట్లో అలాగే కనిపించిందని వాదించాడు. అప్పుడు పుట్టింది.

ఇక చివరిదైన పద్దెనిమిదో గడి: 'జంతువు అభిప్రాయం'. నిజంగా ఉంది, నేను కల్పించడం లేదు. దాని ఎదురుగా నింపే శ్రమ లేకుండా ముందే అచ్చేసి ఉంది: 'అవసరం లేదు'.

చూశారా, ఎంత పద్ధతి!

ఇంతకీ ఈ ఏడాది ఆ గౌరవం ఎవరికి దక్కబోయిందో చెబుతాను.

మా ఇల్లు వీధి చివర ఉంటుంది. పెరడు దాటితే ముళ్లకంచె, కంచె దాటితే అడవి. కంచెలో ఒకచోట సందుంది. తొమ్మిదేళ్లుగా ఆ సందులోంచి రోజూ ఉదయం ఆరింటికి ఒక దుప్పి వస్తోంది. ఒళ్లంతా తెలుపు. తల మీద ఒకటే కొమ్ము, అదీ కాస్త వంకర. వంటగది కిటికీ కింద నేను పోసిన కూరగాయల తొక్కలు తిని, బాగున్నాయన్నట్టు రెండుసార్లు తల ఊపి వెళ్లిపోతుంది. మా ఇంట్లో నా వంటకు తల ఊపే ప్రాణి అదొక్కటే కాబట్టి నాకు దాని మీద కొంచెం అభిమానం.

దాని కొమ్ము ఏటా దానంతటదే ఊడిపోతుంది. మళ్లీ మొలుస్తుంది. ఊడినప్పుడల్లా నేను తెచ్చి లోపల పెడతాను. ఒకదాన్ని హాల్లో తలుపు పక్కన మేకు కొట్టి బిగించాను. దానికే బావగారు రోజూ తన వేట కోటు తగిలిస్తారు. ఆరేళ్లుగా తగిలిస్తున్నారు. అది చెక్కతో చేసినదని ఆయన నమ్మకం. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మరి ఆ దుప్పిని ఇన్నాళ్లూ ఎవరూ కొట్టలేదేం? తెల్లగా ఉంది కాబట్టి అందరూ దాన్ని ఎవరిదో గాడిద అనుకున్నారు.

దాని నెత్తిన పిడుగు వేసింది ఒక కాలేజీ లెక్చరరు. పాపం మంచివాడే. చెట్టెక్కి ఫొటో తీసి, ఇలాంటి తెల్ల దుప్పి ఈ అడవుల్లో మరొకటి లేదు, దీన్ని జాగ్రత్తగా కాపాడుకోవాలి అని పేపర్లో రాశాడు. అది చదివిన మర్నాటినుంచి సంఘంలో ప్రతి మెంబరూ తుపాకి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ప్రేమంటే అలా ఉండాలి!

ఆ సాయంత్రం బావగారు కోటు తీసి ఆ కొమ్ముకే తగిలిస్తూ నన్ను పిలిచారు.

"అమ్మాయ్, ఆ తెల్ల దుప్పి రోజూ మన పెరట్లోకే వస్తుందట కదా?"

"తొక్కల కోసం వస్తుంది బావగారూ. ఇవాళ గుమ్మడి చెక్కు తింది."

"మంచిది. మానకుండా పెడుతుండు. సీజన్ మొదలయ్యే రోజు మరి నాలుగు ఎక్కువ పెట్టు."

తొమ్మిదేళ్లుగా నేను తొక్కలు పోస్తున్నది ఎందుకో ఆ రోజు తెలిసింది నాకు.

మీ దగ్గర దాచడం దేనికి, ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. సీజన్ మొదలవడానికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. దుప్పిని రాకుండా చేద్దామని నాలుగు రోజులు తొక్కలు మానేశాను. అది కిటికీలోంచి తల లోపలికి పెట్టి, పాలు పొంగుతుంటే నాకంటే ముందు చూసి బుస్సుమంది. పళ్లెం తీసుకుని గరిటెతో వాయించాను. భోజనానికి పిలుస్తున్నాననుకుని దగ్గరికొచ్చింది. చీపురు ఊపాను. చీపురు కొసలు నాలుగు తినేసింది.

మనుషుల్ని నమ్మకూడదని ఒక జంతువుకు నేర్పడం ఎంత కష్టమో మీకు తెలుసా? నమ్మించడానికి తొమ్మిదేళ్లు పట్టింది మరి!

ఇలా ఉండగా బావగారు ఫారం తెచ్చి నా చేతిలో పెట్టారు. పదకొండేళ్లుగా సంఘం ఫారాలన్నీ నింపేది నేనే. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని కమిటీలో అందరికీ మెప్పు. డిగ్రీ చదివినందుకు ఈ మాత్రం ఉపయోగం ఉండాలి కదా.

"ఏం రాయమంటారు బావగారూ?"

"అందులో చెప్పేదేముందమ్మా. పెరట్లో రోజూ చూస్తూనే ఉంటావు. చూసింది చూసినట్టు రాయి."

అని ఆయన వెళ్లి పడుకున్నారు. మధ్యాహ్నం రెండింటికి ఆయన పడుకోవాలి, లేకపోతే తల తిరుగుతుంది.

నేను వంటగది బల్ల దగ్గర కూర్చుని ఫారం ముందు పెట్టుకున్నాను. ఎదురుగా అక్కయ్య, అంటే మా తోటికోడలు, బావగారి భార్య, బఠాణీలు ఒలుస్తోంది.

ఇప్పుడు చెప్పండి, నైతికంగా నేనేం చెయ్యాలి? పెరట్లో నాకు రోజూ కనిపించే ముసలి మగ ప్రాణులు రెండున్నాయి. ఒకటి ఆరింటికి వచ్చి, ఉన్నది తిని, తల ఊపి వెళ్తుంది. రెండోది ఆరుంపావుకి వచ్చి, టీ ఇంకా కాలేదా అని అరుస్తుంది. ఫారంలోనేమో పేరు రాయకూడదు. కాబట్టి ఏ పక్షపాతమూ లేకుండా గడి గడికీ రెండింటినీ పెట్టి చూశాను.

దుప్పికి పళ్లన్నీ ఉన్నాయి. క్యారెట్ కొరికితే వీధి మొదట్లోకి వినిపిస్తుంది. మందకు పనికి రాదా అంటే, దాని వెనకాల మూడు చిన్న దుప్పులు వస్తాయి, అవి తినేదాకా ఇది పక్కకు జరిగి కంచె వైపు కాపలా నిలబడుతుంది. పనికిరానిదని ఎలా రాస్తాను? అబద్ధం రాస్తే సంఘం పరువు పోదూ?

ఎటు చూసినా దుప్పికి అర్హత లేదు. రెండోదానికేమో ఒక్క గడి కూడా పొల్లుపోలేదు.

రాశాను.

వయసు: ముదిరింది. రంగు: తల మీద తెలుపు, వారానికోసారి నలుపు. మందకు ఉపయోగం: ఏమీ లేదు, పైగా మేత దగ్గర చిన్నవాటిని కసురుతుంది. తిరిగే వేళలు: ఉదయం ఆరుంపావు, పెరటి గుమ్మంనుంచి గేటు వరకు. కూత: మేత ఆలస్యమైనప్పుడు బిగ్గరగా. పడుకున్నప్పుడు ముక్కుతో మరో రకంగా, గోడలు దాటి. స్వభావం: తనకు కోపం లేదని చెబుతూ కోప్పడుతుంది.

పళ్ల గడి దగ్గరికి వచ్చేసరికి అక్కయ్య కళ్లజోడు పెట్టుకుని నా భుజం మీదుగా వంగింది. మొదటినుంచీ చదివింది. నేను ఫారం మీద చెయ్యి అడ్డం పెట్టబోయాను. ఎంతైనా కట్టుకున్న మనిషి.

"మూడని రాశావేమిటే. నాలుగు," అంది. "పోయినేడు ఇంకోటి పీకించారు. రాసేదేదో సరిగ్గా రాయి."

నాలుగని దిద్దాను. తరవాతి గడి, జోడు ఉందా? ఉంది. ఆ తరవాతది, జోడుకు అభ్యంతరం ఉందా?

అక్కయ్య మళ్లీ బఠాణీల ముందు కూర్చుంది. మూడు కాయలు ఒలిచింది. నాలుగోది ఒలవబోయి ఆగింది.

"సీజన్ ఎన్నాళ్లే?"

"నలభై ఐదు రోజులు అక్కయ్యా."

"లేదని రాయి."

మోసం చేశానంటారా? చెయ్యలేదు. ఏ గడి చూసినా నిజమే రాశాను. ఈ ఇంట్లో ఇంత నిజం ఒకే కాగితం మీద ఎప్పుడూ పడలేదు.

ఆ ఆదివారం కమిటీ కూర్చుంది. టీ ట్రే ఒక వైపునుంచి, ఫారం ఇంకో వైపునుంచి చుట్టూ తిరిగాయి. టీలో పంచదార సరిపోయిందా లేదా అని పది మందీ చూశారు. ఫారంలో ఏముందో ఎవరూ చూడలేదు. పళ్ల డాక్టరుగారు నా దస్తూరి మెచ్చుకుని సంతకం పెట్టారు. ప్లీడరుగారు కళ్లజోడు జేబులోనే ఉంచుకుని పెట్టారు. బావగారు అధ్యక్షుడిగా ఒకటి, దరఖాస్తుదారుగా ఒకటి, రెండు సంతకాలు పెట్టి, కింద తేదీ వేసి, స్టాంపు గుద్దారు.

మా ఆయన ఒక్కరే చదివారు. ఆయన కూడా మెంబరే. చదివి, తలెత్తి నా వైపు చూశారు. నేను బిస్కెట్ల పళ్లెం వైపు చూశాను. ఆయన పెన్ను మూత తీసి, సంతకం పెట్టి, ఫారం పక్కవాళ్లకిచ్చి, ఇంకో బిస్కెట్ తీసుకున్నారు. ఇరవై ఆరేళ్లలో ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

సీజన్ మొదటి రోజు రానే వచ్చింది.

తెల్లవారేసరికి సంఘమంతా మా పెరట్లో ఉంది. దుప్పి కూడా వచ్చి కిటికీ కింద క్యారెట్ ఆకులు నములుతోంది. పది తుపాకులు చూసి పది కొత్త రకం చీపుర్లనుకుందేమో, ఆశగా ఒకటి వాసన కూడా చూసింది. బావగారు కోటు వేసుకుని, తుపాకి భుజాన పెట్టుకుని, ఫొటోకు నిలబడినట్టు నిలబడ్డారు.

వేట మొదలయ్యే ముందు అనుమతి పత్రాన్ని పైకి చదవడం సంఘం ఆచారం. అందరూ టోపీలు తీసి నిలబడాలి. కొట్టబోయే ప్రాణికి అది గౌరవమట. ఏడాది మొత్తంలో ఆ ఫారం చదివేది ఆ ఒక్కసారే. ప్లీడరుగారు కళ్లజోడు పెట్టుకుని కోర్టు గొంతుతో అందుకున్నారు.

వయసు దగ్గర ఎవరూ కదల్లేదు. రంగు దగ్గర ఒకరిద్దరు దుప్పి వైపు చూసి, వారానికోసారి నలుపు ఎలా అవుతుందా అని కనుబొమలు ముడిచారు. మేత దగ్గర కసరడం, ముక్కుతో కూత అనేసరికి తలలన్నీ ఒక్కటొక్కటిగా బావగారి వైపు తిరగడం మొదలైంది. 'కుడివైపు పై వరసలో నాలుగు పళ్లు లేవు' అని ప్లీడరుగారు చదవగానే పళ్ల డాక్టరుగారు ముందుకొచ్చారు.

"ఇందులో అనుమానానికి తావులేదండీ," అన్నారు, వృత్తి గౌరవం ఉట్టిపడుతూ. "ఆ నాలుగూ నేనే పీకాను."

బావగారి మొహం చూడాలి మీరు! ముందు తెల్లబడింది, ఆ తరవాత ఎర్రబడింది. ఇది దుప్పి గురించిన ఫారమని అన్నారు. దుప్పి అని ఎక్కడుందో చూపించమన్నారు ప్లీడరుగారు. కాగితం చింపెయ్యమన్నారు బావగారు.

"ఎలా చింపుతానండీ? తొమ్మిదో రూలు. మీరు పెట్టిందే," అన్నారు ప్లీడరుగారు వినయంగా. "కింద సంతకాలు రెండు మీవే. ఈ సీజన్‌కు అనుమతి ఉన్నది తమరొక్కరిని కొట్టడానికే. ఆ దుప్పిని ముట్టుకుంటే ధర్మం తప్పుతాం."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నైతికత ఒకసారి మొదలైతే ఎక్కడా ఆగదు కదా. వేటకు గురైన జంతువు చేతిలో తుపాకి ఉండటం పద్ధతి కాదని ఒక మెంబరుకు గుర్తొచ్చింది. బావగారి చేతిలోని తుపాకి మర్యాదగా అందుకున్నారు. వంద అడుగుల అవకాశం ఆయన హక్కు అని ఇంకొకరు గుర్తుచేశారు. అందరూ కళ్లు మూసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పెరటినుంచి వంటగదికి ఇరవై మూడు అడుగులు. బావగారు పదకొండింట్లోనే వచ్చేశారు. రోజూ తల తిరుగుతుందనే మనిషి!

అయ్యో, కాల్చేశారా అని కంగారుపడకండి. అందరూ మంచివాళ్లు. పైగా గురి తక్కువ. తుపాకి ఎత్తే ఉద్దేశం వాళ్లలో ఒక్కరికీ లేదు. కానీ అనుమతి పొందిన జంతువును సీజన్ అంతా గమనించి రిపోర్టు రాయాలని ఇంకో రూలుంది. ఆ మాట వాళ్లు తప్పలేదు. రోజూ ఇద్దరేసి మెంబర్లు వంతులవారీగా వచ్చి, పెరట్లో కుర్చీలేసుకుని, దూరం చూసే అద్దాలతో మా కిటికీలోకి చూస్తూ కూర్చునేవారు. బావగారు టీ తాగితే రాసుకునేవారు. తుమ్మితే టైము వేసుకునేవారు. ఒకరోజు ఆయన బనీను తిరగేసి వేసుకుంటే, 'చర్మం మారుస్తోంది' అని రాసుకున్నారు.

గోడ మీది తలలకు గడ్డి కూరి చర్మాలు కుట్టే మేస్త్రీ టేపు పట్టుకుని వచ్చాడు. పాపం అతనికి పని తప్ప మరొకటి తెలియదు. మెడ కొలత తీసుకుని, కళ్లజోడుతో పెట్టమంటారా, లేకుండానా అని అక్కయ్యను అడిగాడు. అక్కయ్య కాస్త ఆలోచించి, కళ్లజోడుతోనే అలవాటు బాబూ అంది.

బావగారు మొదటి వారం అరిచారు. రెండో వారం అలిగారు. మూడో వారంనుంచి మెల్లగా నడవడం నేర్చుకున్నారు. కిటికీ దగ్గర తలుపు చాటున నిలబడి, ముందు ఒక కన్ను పెట్టి చూసి, ఎవరూ లేరనుకున్నాకే రెండో కన్ను పెట్టేవారు. ఆకు కదిలినా ఉలిక్కిపడేవారు. అచ్చం కంచె సందు దగ్గర దుప్పి చేసేదే అది. తొమ్మిదేళ్లు చూశాను కదా, నాకు తెలియదా?

ఒక ఉదయం నేను బంగాళదుంపలు చెక్కుతుంటే వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. దుప్పి కిటికీ అవతల నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చాలాసేపు చూసుకున్నారు. పిల్ల దుప్పి ఒకటి తొక్కల కోసం పెద్దదాని కాళ్ల మధ్య దూరితే అది పక్కకు జరిగింది. బావగారు అదీ చూశారు. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా వచ్చింది.

"పది మంది సంతకాలు పెట్టారు కదమ్మా. నన్ను ఒక్కమాట ఎవరైనా అడిగారా?"

నేను చేతులు తుడుచుకుని, అలమరలోంచి ఫారం నకలు తీసి, పద్దెనిమిదో గడి మీద వేలు పెట్టి చూపించాను. ఆయనకు కళ్లజోడు అవసరం రాలేదు. ఆ రెండు మాటలూ అచ్చు వేయించింది ఆయనే.

సీజన్ అయిపోగానే కమిటీని పిలిచి ఆ గడి మార్పించారు. ఇప్పుడు అక్కడ 'తప్పనిసరి' అని ఉంది. జవాబు రాకపోతే ఒప్పుకోనట్టే లెక్క అని కింద ఇంకో వాక్యం ఆయనే చేర్చారు. ఆ వాక్యం కింద ఆయన రెండు గీతలు కూడా గీశారని మా ఆయన చెప్పారు.

అందుచేత ఇప్పుడు వారానికోసారి ఒక మెంబరు కొత్త ఫారం పట్టుకుని మా పెరట్లోకి వస్తాడు. దుప్పి ముందు నిలబడి, టోపీ తీసి, తమరిని కొట్టడానికి తమకేమైనా అభ్యంతరమా అని అడుగుతాడు. అది నములుతూ ఉంటుంది. ఆయన పది నిమిషాలు చూసి, 'జవాబు రాలేదు' అని రాసుకుని, ఓ కప్పు టీ తాగి వెళ్తాడు. పోయినసారి దుప్పి ఆ ఫారమే తినేసింది. అది జవాబు కిందికి వస్తుందా రాదా అని కమిటీ ఇంకా చర్చిస్తోంది.

కాబట్టి నైతిక వేటను మెచ్చుకుంటూ మొదట్లో నేనన్న మాటకు ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. మనుషుల్లో జాలి లేదని ఎవరన్నారు? బోలెడుంది. కాగితం మీద తమ పళ్ల లెక్క కనబడగానే ఎలా పొంగుకొచ్చిందో చూడండి!

నిన్న బావగారు చాలా రోజుల తరవాత హుషారుగా ఉన్నారు. హాల్లో గోడ చాలడం లేదనీ, వంటగది కిటికీ మూయించి అక్కడ తుపాకుల బీరువా పెట్టిద్దామనీ మా ఆయనతో అంటుంటే విన్నాను. ఆ కిటికీ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు నిలబడేది నేను. నన్ను ఒక్కమాట అడిగారా? అబ్బే.

అయితే ఇంటికి మార్పులు చెయ్యాలంటే ఊరి ఆఫీసులో ఇవ్వాల్సిన ఫారం ఒకటుందట. ఏ గోడ కొట్టాలో, ఏ గది ఎవరికో అన్నీ అందులో రాయాలట. బావగారు అది తెచ్చి బల్ల మీద పెట్టి, "నీ దస్తూరి బాగుంటుంది, నువ్వే నింపమ్మా, సంతకం పెట్టేస్తాను," అన్నారు. అని వెళ్లి పడుకున్నారు.

అలాగే బావగారూ అన్నాను. పెన్నులో సిరా పోసి ఉంచాను.